‘ఎడమ, కుడి’ నేర్పిన ఆట

1995 దీపావళి. మగ్గాల కార్ఖానాలో బోనస్ చేతికి రాగానే బాపు ఇంటికి ఒక అట్టపెట్టె తెచ్చాడు. మిఠాయేమోనని అన్నాచెల్లెళ్లం ఇద్దరం ఎగబడ్డాం. విప్పితే నల్ల డబ్బా ఒకటి, దానికి తోకల్లాంటి వైర్లతో రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, పసుపు రంగు క్యాసెట్ ఉన్నాయి. టీవీ వెనక యాంటెనా వైరు పీకి డబ్బా వైరు గుచ్చి, బాపు అరగంట సేపు ఛానెల్ తిప్పాడు. చివరికి గీతలు పడుతున్న తెర మీద ఎర్రటోపీ మీసాలాయన ఒకడు ప్రత్యక్షమయ్యాడు. వాడే మారియో.

మాది సోలాపూర్, పూర్వభాగం. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం. ఇప్పుడు మాలో ఒకరు మగ్గాల లెక్కలు రాస్తున్నారు, మరొకరు తెలుగు బడిలో పాఠాలు చెబుతున్నారు. ఇద్దరి ఇళ్లలోనూ పిల్లలున్నారు, పిల్లల చేతుల్లో కొత్త రకం రిమోట్లున్నాయి. వీడియో గేమ్ అంటే చదువు చెడగొట్టేదన్న మాట తల్లిదండ్రుల సమావేశాల్లో తరచూ వింటుంటాం. మా అనుభవం మాత్రం కొంచెం వేరు. ఆ డబ్బా మాకు తెలుగు నేర్పింది. ఇప్పటి డబ్బా మా పిల్లల నోట తెలుగు తగ్గించింది. రెండింటికీ తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ రాస్తున్నదే ఇది.

అక్షరాలు తక్కువ, మాటలు ఎక్కువ

జపాన్‌లో నింటెండో సంస్థ 1983 జులైలో ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అనే ఆట యంత్రాన్ని విడుదల చేసింది. తొంభైల్లో మన ఇళ్లకు చేరిన డబ్బాల్లో చాలా వాటికి అదే మూలం, అవి దాని నకళ్లు. ‘సూపర్ మారియో బ్రదర్స్’ 1985లో వచ్చింది. 32 అంచెలున్న ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఈరోజు ఫోనులో వచ్చే ఒక శుభోదయం బొమ్మ కూడా సాధారణంగా అంతకంటే పెద్దదే. చోటు చాలక మేఘానికీ పొదకూ ఒకే బొమ్మ వాడారు. తెల్లరంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. ఈ సంగతి తెలిశాక ఆ ఆట మీద మాకు గౌరవం ఇంకా పెరిగింది.

అంత చిన్న చోట్లో కథ చెప్పడానికి మాటలెక్కడివి? తెర మీద నాలుగు ఇంగ్లిష్ ముక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆ ఖాళీని మేమే నింపుకొన్నాం, అదీ తెలుగులో. ఇంట్లో ఉన్నది ఒకే టీవీ కాబట్టి ఆడేవాళ్లు ఇద్దరైతే చూసేవాళ్లు ఆరుగురు. పక్కనే చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ మా అవ్వ కూర్చునేది. రిమోట్ ఏనాడూ ముట్టలేదు కానీ, ఆట నడిపించింది ఆమే.

“దుంకు రా, దుంకు! ఆ తాబేలు మళ్ల లేస్తది సూడు!”

శత్రువులందరికీ పేర్లు పెట్టింది అవ్వే. నడిచే పుట్టగొడుగు ‘మొద్దుగాడు’, గొట్టంలోంచి లేచే పువ్వు ‘కరిసే చెట్టు’. తాబేలును తొక్కితే చిప్పలోకి ముడుచుకుంటుంది. చిప్పను తంతే జారిపోయి గోడకు తగిలి వెనక్కి వస్తుంది. పక్కకు తప్పుకోకపోతే తన్నినవాడే చస్తాడు. అవ్వకు అది భలే నచ్చింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఎవరి మీద చాడీ చెప్పి తామే తిట్లు తిన్నా, “నువ్వు తన్నిన చిప్ప నీకే తాకిందా?” అనేది. ఆట మానేసి పాతికేళ్లు దాటినా ఆ మాట మా ఇంట్లో బతికే ఉంది.

ఇంకొక సంగతి బడిలో పాఠం చెప్పడం మొదలుపెట్టాక గానీ గమనించలేదు. ఇప్పటి పిల్లలు అన్నిటికీ ‘జంప్ చెయ్’ అంటారు. మేం ఇటుకను తలతో కొట్టడానికి ‘ఎగురు’ అనేవాళ్లం, తాబేలు మీదికి ‘దుంకు’, గొయ్యి వస్తే ‘దాటు’, చివరి జెండా కర్ర దగ్గర సంతోషంతో ‘గెంతు’. ఒక బొత్తానికి నాలుగు క్రియలు. వ్యాకరణ పుస్తకం తెరవకుండానే వాటి మధ్య తేడా మాకు తెలిసిపోయింది.

ముప్ఫై ప్రాణాల మంత్రం

‘కాంట్రా’ ఆట ఇద్దరు కలిసి ఆడేది. మూడు ప్రాణాలతో రెండో అంచె దాటడమే గగనం. గల్లీలో ఎవరో పెద్దపిల్లవాడు చెవిలో రహస్యం చెప్పాడు. ఆట మొదలయ్యే ముందు ఒక వరసలో మీటలు నొక్కితే మూడు బదులు ముప్ఫై ప్రాణాలొస్తాయని. మేం దాన్ని ఇలా బట్టీ పట్టాం: “మీదికి మీదికి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ.”

గల్లీలో దారి చెప్పాలంటే ‘డావీకడే, ఉజవీకడే’ అనడమే అలవాటు. ఎడమ, కుడి అన్న మాటలు అప్పటికి మాలో చిన్నదానికి సరిగ్గా పట్టుబడలేదు. తప్పుగా నొక్కితే ప్రాణాలు మూడే మరి. రెండు రోజుల్లో పట్టుబడ్డాయి. ఇప్పటికీ ఎవరైనా ‘ఎడమ పక్క’ అనగానే ముందు బొటనవేలు కదులుతుంది.

ఆ మీటల వరస వెనుక కథ ఆ తర్వాత చాలా ఏళ్లకు తెలిసింది. కొనామి సంస్థలో కజుహిసా హషిమోతో అనే ప్రోగ్రామర్ ‘గ్రాడియస్’ అనే ఆటను ఇంటి యంత్రానికి తగ్గట్టు మలుస్తున్నాడు. పరీక్షించడానికి ఆడితే ఆ ఆట ఆయనకే కష్టమైంది. తన వీలు కోసం ఈ దొంగదారి పెట్టుకున్నాడు, అది తీయకుండానే 1986లో ఆట బజారుకెళ్లింది. ఆట చేసినవాడికే ఆట గెలవడం రాలేదన్న కథ ఓడిపోయి ఏడ్చే పిల్లలకు చెబితే బాగా పని చేస్తుంది.

మగ్గం ఆగితే మారియో ఆగేవాడు

ఆ ఆటలో మధ్యలో దాచుకునే వీలు లేదు. కరెంటు పోతే అంతా పోయినట్టే. మా వాడలో కరెంటు పోయిందని చూసి తెలుసుకోనక్కర్లేదు. గల్లీ అంతటా మోగే మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయేది. మరుక్షణం నాలుగిళ్ల నుంచి పిల్లల ‘అయ్యో’ వినపడేది. కరెంటు వచ్చేదాకా వాకిట్లో కూర్చుని, ఎంతవరకు వెళ్లామో, ఎక్కడ చచ్చామో ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. కథ చెప్పడం మాకు అలా అబ్బింది.

తప్పులూ చాలా చేశాం. క్యాసెట్ పనిచేయకపోతే నోటితో ఊదేవాళ్లం. ఊదడం వల్ల లాభం లేదు, నోటి తేమ తగిలి లోపలి రేకులు పాడవుతాయి. తీసి మళ్లీ పెట్టడం వల్లే అది కుదురుకునేదని తర్వాత తెలిసింది. ‘9999 ఆటలు’ అని రాసి ఉన్న క్యాసెట్‌లో నిజంగా ఉన్నవి పట్టుమని పదిహేనే. అవే ఆటలు పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. అంకె పెద్దదైతే సరుకు ఎక్కువని నమ్మకూడదని అక్కడే నేర్చుకున్నాం.

బాతుల వేట తుపాకీ మాత్రం నిజంగా వింతే. తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు, అందులో ఉన్నది వెలుతురును పసిగట్టే కన్ను. మీట నొక్కగానే తెర క్షణంలో చిన్న భాగం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం వెలుగుతుంది. ఆ వెలుగు కంటికి దొరికితే బాతు పడినట్టు. పాత గాజు టీవీల లెక్క ప్రకారం చేసింది కాబట్టి ఇప్పటి పలచ టీవీల ముందు అది పనిచేయదు. సైన్స్ మాస్టార్లు పాఠంలో వాడుకోదగిన సంగతి ఇది.

చెవులు మూసుకున్న ఆట

ఇక ఇప్పటి మాట. మాలో పెద్దవాడి కొడుక్కి పదకొండేళ్లు. కొత్త యంత్రం, తెర నిండా బొమ్మలు, చెవులకు హెడ్‌ఫోన్. వాడు ఆడేది ఎక్కడో ఉన్న పిల్లలతో, హిందీ, ఇంగ్లిష్ కలిపి. మేం చూసినంతలో ఆ యంత్రంలో గానీ, వాడి ఆటల్లో గానీ ఒక్క తెలుగు అక్షరం కనపడలేదు. మా చిన్నప్పుడూ లేదు, నిజమే. కానీ అప్పుడు ఆట చుట్టూ మనుషులు కూర్చునేవారు, ఇప్పుడు వాడి చుట్టూ ఎవరూ లేరు.

పోయిన వేసవిలో మా అమ్మ వాడి పక్కన కూర్చుని, “ఏమాడుతున్నవ్ బిడ్డా?” అంది. వాడు ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపి, “తులా నాహీ కళణార, ఆజీ” అన్నాడు. నీకు అర్థం కాదులే అని. మరాఠీ మా ఊరి భాష, మా అన్నం భాష, దాంతో మాకు పేచీ లేదు. అమ్మ కూడా మరాఠీ చక్కగా మాట్లాడుతుంది. కానీ ‘నానమ్మ’ పోయి ‘ఆజీ’ వచ్చిందని ఆ క్షణందాకా మా ఇద్దరిలో ఎవరమూ గమనించలేదు. అమ్మ ఏమీ అనకుండా లేచి లోపలికెళ్లింది.

ఆ రాత్రి డబ్బా అటక మీద పడేద్దామనుకున్నాం. తర్వాత అవ్వ గుర్తొచ్చింది. ఆమె డబ్బాను దాచలేదు, దాని పక్కన కూర్చుంది.

నానమ్మ పెత్తనం

అలా తెచ్చిందే ‘ఓవర్‌కుక్డ్’. 2016లో వచ్చిన వంటింటి ఆట. నలుగురిదాకా ఒకే టీవీ ముందు కూర్చుని ఆడొచ్చు. రిమోట్లు తక్కువైతే ఒకే రిమోట్‌ను ఇద్దరు చెరో సగం పట్టుకుని ఆడే వీలు కూడా ఉంది. మూడు ఉల్లిగడ్డలు తరిగి, గిన్నెలో వేసి, ఉడికాక పళ్లెంలో పోసి అందించాలి. ఆలస్యమైతే మాడుతుంది, ఇంకా ఆలస్యమైతే మంటలు లేస్తాయి. కొన్ని అంచెల్లో పళ్లాలూ కడుక్కోవాలి. ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఈ ఆట గెలవడం కష్టం.

మా ఇద్దరితో పాటు కొడుకు, మేనకోడలు, నలుగురం కూర్చున్నాం. మొదటి పది నిమిషాలు పిల్లలు ‘కట్ కర్, వాష్ కర్’ అని అరిచారు. వంటింట్లోంచి అమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది. ఇల్లు తగలబడుతుంటే ఆమె ఊరుకోలేదు.

“అరే, మాడుతుంది! దింపు, దింపు! నువ్వు తరుగు, నువ్వు పళ్లాలు తోము!”

“తోముడంటే ఏంది?” అని వాడు ఆట ఆపకుండానే అడిగాడు. చెప్పింది. తరగడం, కోయడం, తోమడం, కడగడం, దింపడం, వడ్డించడం. వారం తిరిగేసరికి మాటలన్నీ వాడి నోటికొచ్చాయి. పరీక్ష కోసమైతే వచ్చేవి కావు, గిన్నె మాడుతుంటే వచ్చాయి. ఒక సాయంత్రం అమ్మ బయటికెళ్లి ఆలస్యంగా వచ్చింది. వాడు గుమ్మంలోనే, “జల్ది రా నానమ్మా, నువ్వు లేక మూడుసార్లు మాడింది” అన్నాడు.

బడిలో, ఇంట్లో

ఈ ధైర్యంతో ఏడో తరగతిలో ఒక పని చేయించాం. ‘మీకిష్టమైన ఆటను, ఎప్పుడూ ఆడని మీ నానమ్మకో అమ్మమ్మకో అర్థమయ్యేట్టు తెలుగులో చెప్పండి’ అన్నాం. ఆటల పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నా సరే, పనులు మాత్రం తెలుగులో ఉండాలి. ఎప్పుడూ వ్యాసం రెండు వాక్యాలు దాటని పిల్లలు పేజీ నింపారు. తప్పులున్నాయి, మరాఠీ మాటలున్నాయి, అయినా చెప్పాలన్న తొందర ఉంది. తెలుగు కాగితం మీద అది మేం చాలా కాలానికి చూశాం.

జాగ్రత్తలూ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనానికి చోటిచ్చింది, 2022 జనవరి నుంచి ఆ వర్గీకరణ అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందు కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం సాధారణంగా ఏడాది పాటు కొనసాగితేనే దాన్ని వ్యసనమంటారు. సెలవురోజున రెండు గంటలు ఆడినవాణ్ని ఆ జాబితాలో వేయకండి. అలాగని వదిలేయనూ వద్దు. చాలా ఆటల పెట్టెల మీద 3, 7, 12, 16, 18 అని వయసు అంకె ఉంటుంది, కొనేముందు చూడండి. యంత్రంలోనే రోజుకింత సేపని గడువు పెట్టొచ్చు, పరిచయం లేనివాళ్లతో మాటలు ఆపొచ్చు. యంత్రాన్ని పిల్లల గదిలో కాక నలుగురు తిరిగే గదిలో పెట్టండి. మా ఇంట్లో మొదట మార్చింది అదే.

మాది సోలాపూర్ కాబట్టి మరాఠీ అన్నాం. బళ్లారిలో కన్నడం, హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా అని మార్చి చదువుకోండి. మన బడి రోజుకు ఒకటి రెండు పీరియడ్లే తెలుగు చెప్పగలదు. పిల్లవాడు గెలిచినప్పుడు, ఓడినప్పుడు, భయపడినప్పుడు ఏ భాషలో అరుస్తాడన్నది మాత్రం పక్కన ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ ఆదివారం రెండో రిమోట్ మీరు పట్టుకోండి. ఆడడం రాకపోతే అవ్వలాగా పక్కన కూర్చోండి. ఓడిపోతారు, పిల్లలు నవ్వుతారు, ఎలా ఆడాలో మీకు నేర్పుతారు. ఏ భాషలో నేర్పాలో మీరు అడగండి.