దీవుల్లో కొలువు కావాలా? ముందు ఈత నేర్చుకోండి

తెల్లటి తెరచాప, కింద అద్దంలాంటి నీళ్లు, డెక్కు మీద కాళ్లు చాపుకొని కూర్చున్న కుర్రాడు. ఇలాంటి రీల్ చూసి ‘జాబ్ అంటే ఇలా ఉండాలి బాస్’ అని ఒక్కసారైనా అనుకునే ఉంటారు. అండమాన్ దీవుల మధ్య నాలుగైదు రోజులు తెరచాప పడవలో తిరగడం, పొద్దున స్నార్కెలింగ్, మధ్యాహ్నం అడవిలో నడక.. డబ్బు కట్టి వచ్చినవాళ్లకు అది సెలవు. అదే పడవలో ఇంకో ముగ్గురు నలుగురు ఉంటారు. రీల్‌లో కనిపించరు. వాళ్లకది డ్యూటీ. మీరు చేరాలనుకుంటున్నది ఏ జట్టులోనో ముందు తేల్చుకోండి. రెండోదైతే చదవండి.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. అక్కడి నుంచి హేవ్‌లాక్‌కు.. దీని అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్, జనం నోట మాత్రం ఇంకా హేవ్‌లాకే.. వేగంగా వెళ్లే ఫెర్రీలో రెండు గంటలు చాలు. గంటకు ఐదారు నాటికల్ మైళ్లు పోయే తెరచాప పడవకు ఆరు గంటలైనా పడుతుంది. ఆ ఆరు గంటలూ గాలి ఎటు తిరుగుతోందో ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఈశాన్య గాలులు వీచే నెలల్లో దీవికి తూర్పున అలలు లేస్తుంటే, పడమటి ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. లంగరు ఎక్కడ వేయాలనేది దీన్నిబట్టే. వేసేటప్పుడు కింద ఇసుక ఉందా, పగడపు దిబ్బ ఉందా చూసుకోవాలి. నీటి లోతుకు కనీసం ఐదింతల తాడో, గొలుసో వదలాలి. లేదంటే రాత్రి అందరూ నిద్రపోయాక పడవ మెల్లగా జారిపోతుంది.

ఇక ఆటుపోట్లు. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. ఇది మన మత్స్యకారుల ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. నీరు బాగా దిగిన వేళ అతిథులను స్నార్కెలింగ్‌కు తీసుకెళ్తే చిన్న పడవ అడుగు పగడాలకు రాసుకుంటుంది, అతిథుల మోకాళ్లూ గీసుకుపోతాయి. అందుకే ఈ పడవల్లో రోజు మొదలయ్యేది ఆటుపోట్ల పట్టిక చూడటంతోనే.

స్నార్కెలింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. కళ్లకూ ముక్కుకూ కలిపి ఒక మాస్క్, నోట్లో గొట్టం, నీటి మీద బోర్లా తేలుతూ కింద చేపల్ని చూడటం. అతిథికి ఇంతే. గైడ్ పని అంతకు ముందే మొదలవుతుంది. మాస్క్ ముఖానికి సరిగ్గా పట్టిందో లేదో చూడాలి. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అది అతుక్కుని నిలబడాలి. నిలబడలేదంటే లోపలికి నీళ్లు వస్తాయి. మీసాలున్న వాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. గొట్టంలోకి నీళ్లొస్తే కంగారుపడకుండా ‘ఫూ’ అని ఒక్క ఊపున ఊదేయడం ఒడ్డునే నేర్పాలి. చేతి సైగలూ అక్కడే చెప్పాలి. బాగానే ఉన్నానంటే అరచేయి తల మీద పెట్టుకోవాలి. నీళ్లలో చెయ్యి ఊపడమంటే సాయం కావాలని అర్థం. ఫొటో కోసం సరదాగా ఊపారనుకోండి, గైడ్ గుండె జారిపోతుంది.

అసలు భయపడాల్సింది చెయ్యి ఊపనివాళ్ల గురించి. సినిమాల్లోలాగా మునిగిపోయే మనిషి ‘కాపాడండి’ అని అరవడు. ఊపిరే అందనప్పుడు అరుపెక్కడి నుంచి వస్తుంది? తల వెనక్కి వాలిపోతుంది, నోరు నీటి మట్టం దగ్గర ఆడుతుంది, ఒళ్లు నిట్టనిలువుగా ఉంటుంది. కొద్ది క్షణాల్లో అంతా అయిపోవచ్చు. ఎనిమిది మంది నీళ్లలో ఉంటే ఎనిమిది తలలనూ లెక్కపెడుతూనే ఉండాలి. గైడ్‌కు చేపలు చూసే తీరిక దొరకదు.

అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి పొట్టనపెట్టుకుంది. అందుకే ‘ఇక్కడ దిగొద్దు’ అన్న బోర్డు ఉన్నచోట గైడ్ నోటి నుంచీ అదే మాట రావాలి. ‘అన్నా, ఒక్క ఐదు నిమిషాలు’ అని బతిమాలే అతిథికి వద్దని చెప్పగలగడం ఈ ఉద్యోగంలో సగం. వద్దని చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. నార్త్ సెంటినెల్ దీవి చుట్టుపక్కలకు, జారవా తెగ రిజర్వ్ తీరానికి పడవ మళ్లించకూడదు, చట్టం ఒప్పుకోదు. పగడాల మీద నిలబడకూడదు, ముక్క కూడా తేకూడదు. 2010లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పెద్దఎత్తున తెల్లబారిపోయాయి. అవి కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, మన కాలు పడితే విరగడానికి క్షణం చాలు.

కొండ ముందా, సముద్రం ముందా?

ఉత్తర అండమాన్‌లో డిగ్లిపూర్ దగ్గర శాడిల్ పీక్ ఉంది. ఎత్తు 732 మీటర్లు, ఈ దీవుల్లో అదే అన్నిటికన్నా ఎత్తు. ఏడు వందలేగా అని తీసిపారేయకండి. నడక సముద్రం ఒడ్డునే మొదలవుతుంది కాబట్టి మొత్తం ఎత్తూ మీ కాళ్లే ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకు నడిచినవాళ్లు అంచనా వేసుకోవచ్చు, దాదాపు అంత ఎక్కుడే. మెట్లుండవు, గోవిందనామాలుండవు, మజ్జిగ అమ్మేవాళ్లుండరు. ఉక్కపోతలో ఎవరు ఎంత నీళ్లు తాగారో గైడ్ గమనించాలి. హేవ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్‌కు అడవిలో వెళ్లే దారి దీంతో పోలిస్తే చిన్నదే, సుమారు రెండు కిలోమీటర్లు. కానీ వాన పడితే బురద.

ఇక్కడో చిక్కు ఉంది. స్నార్కెలింగ్‌లో మామూలు గాలే పీలుస్తాం, ఇబ్బంది లేదు. కానీ అతిథి ట్యాంకు తగిలించుకొని స్కూబా కూడా చేస్తే, లోతులో ఒంట్లోకి కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి టైమ్ పడుతుంది. వెంటనే ఎత్తుకు వెళ్తే అది బుడగలు కట్టి ప్రమాదం తెస్తుంది. విమానం ఎక్కడానికి ముందు, ఒకటికి మించి డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలనేది అందుకే. కొండ ముందు, స్కూబా తర్వాత, విమానం మర్నాడు.. ప్లాన్ ఈ వరుసలో వేయగలిగినవాడికే టూర్ బాధ్యత ఇస్తారు.

మనకు ఎక్కడ తలుపు తెరుచుకుంటుంది?

2011 లెక్కల ప్రకారం అండమాన్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. అయినా పనికి హిందీ తప్పదు, విదేశీ అతిథులకు ఇంగ్లిష్ కావాలి. మన దగ్గర ఒక విచిత్రం చూస్తుంటాం. తీరంలో పుట్టిన కుర్రాడికి సముద్రం కొట్టినపిండి, చేతిలో సర్టిఫికెట్ ఉండదు. బీటెక్, బీబీఏ చదివిన వాళ్లకు ఇంగ్లిష్ వస్తుంది, నడుంలోతు నీళ్లు చూస్తే వణుకు. ఈ రెండూ ఒక్క మనిషిలో కలిస్తే అవకాశాలు వాటంతటవే పెరుగుతాయి.

అంకెల్లో చెప్పుకుందాం. ‘పాడీ’ అనే అంతర్జాతీయ సంస్థ (మన పాడి-పంట కాదు) ఇచ్చే మొదటి డైవర్ సర్టిఫికెట్‌కు ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. పని దొరికే మొదటి మెట్టు డైవ్‌మాస్టర్. దానికి 18 ఏళ్లు నిండాలి, 40 డైవ్‌లు పూర్తిచేసి కోర్సులో చేరితే ముగిసేసరికి 60 ఉండాలి. 400 మీటర్ల ఈత, అలసిపోయిన మనిషిని 100 మీటర్లు లాక్కెళ్లడం లాంటి పరీక్షలుంటాయి. బోధకుడు కావాలంటే 100 డైవ్‌లు. ఆస్తమా, మూర్ఛ, గుండె, చెవి సమస్యలుంటే డాక్టర్ అనుమతి లేకుండా డబ్బు కట్టొద్దు.

పడవ వైపు వెళ్లాలనుకుంటే గోవాలోని జాతీయ వాటర్ స్పోర్ట్స్ సంస్థ పవర్ బోట్ నడపడంలో, నీటిలో ప్రాణరక్షణలో శిక్షణ ఇస్తుంది. కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని ఐఐటీటీఎంలో అది ఒక భాగం. అదే ఐఐటీటీఎం క్యాంపస్ మన నెల్లూరులోనూ ఉంది, టూరిజంలో డిగ్రీ, పీజీ చేయొచ్చు. తెరచాప పట్టడం నేర్చుకోవడానికి సముద్రమే అక్కర్లేదు, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఏళ్లుగా సెయిలింగ్ శిక్షణ నడుస్తోంది. 2017-18లో ఐఎన్ఎస్‌వీ తారిణిలో ప్రపంచాన్ని చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అధికారిణుల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు.

డబ్బు సంగతి. సీజన్ సుమారు అక్టోబర్ నుంచి మే దాకానే. వానాకాలం నాలుగు నెలలూ ఏం తింటారో ముందే ఆలోచించుకోండి. ‘కోర్సు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అని లక్షలు అడిగేవాళ్ల దగ్గర ఆగండి. ‘పని చేయండి, కోర్సు ఫ్రీ’ అన్నవాళ్లను మూడు విషయాలు కాగితం మీద రాసిమ్మని అడగండి: వారానికి ఎన్ని డైవ్‌లు, సర్టిఫికెట్ ఫీజు ఎవరిది, బస-భోజనం ఎవరిది. లేదంటే సీజనంతా ట్యాంకులు మోయడంతోనే సరిపోతుంది. బోధకుడి సభ్యత్వ సంఖ్య అడిగి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి.

ఈలోగా మీ ఊరి ఈతకొలనులో పొద్దుటి బ్యాచ్‌లో చేరండి. 200 మీటర్లు ఆగకుండా వచ్చాక, వీలైతే అండమాన్‌కు ఓడలో వెళ్లి చూడండి. విశాఖ నుంచి అప్పుడప్పుడు ఓడ ఉంటుంది, తేదీలు ముందే కనుక్కోవాలి. రెండు రోజులకు పైగా నీటి మీదే ప్రయాణం. కడుపులో తిప్పే రకమా కాదా అన్నది మొదటి రాత్రికే తేలిపోతుంది.