ఐసు పెట్టెల ఊరి నుండి మంచు కొండకు

నమాజు ఆరంభంలో చదివే దుఆలలో ఒకదానిలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ తప్పులను నీటితో, మంచుతో, వడగళ్ళతో కడిగివేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ దుఆను మేము ఎన్నో సంవత్సరాలుగా పిల్లలకు కంఠస్థం చేయిస్తున్నాము. ‘మాఅ’ అంటే నీరు, ‘సల్జ్’ అంటే మంచు, ‘బరద్’ అంటే వడగళ్ళు అని అర్థం చెప్పి ముందుకు సాగిపోతుంటాము. ఒకనాడు ఆకివీడు వైపు నుండి వచ్చిన విద్యార్థి ఒకడు లేచి, “హజ్రత్, మంచుతో ఎలా కడుగుతారు? మంచు కురిస్తే మనమే తల తుడుచుకుంటాం కదా!” అని అడిగాడు.

వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. కొల్లేటి ప్రాంతంలో మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున చేపల చెరువుల గట్లను కప్పివేసే పొగమంచు. గడ్డిపరకల మీద నిలిచే నీటి బొట్లు. ఇక గడ్డకట్టిన నీరంటారా, దానికి మా ప్రాంతంలో ఒకటే పేరు, ఐసు. పొడి చేసి చేపల పెట్టెలలో నింపుతారు, లారీలకెక్కించి బెంగాలుకూ, అస్సాముకూ పంపుతారు. దానికి చేపల వాసన తప్ప మరో వాసన ఉంటుందని మా పిల్లలకు తెలియదు. ఆకాశం నుండి రాలే మంచును మేమూ ఎన్నడూ చూడలేదు. “చూడలేదు బాబూ” అని ఆ తరగతిలోనే ఒప్పుకున్నాము.

దుబారానా, హక్కునా?

2025 జనవరిలో, సంక్రాంతి సెలవులలో, మా అమ్మాయీ అల్లుడూ కాశ్మీరు ప్రయాణం తలపెట్టి మమ్మల్నీ రమ్మన్నారు. మా మొదటి మాట, “ఇది దుబారా కాదా?” అనే. పైగా తాడేపల్లిగూడెంలోని మా బంధువుల అనుభవం మా కళ్ళ ముందు ఉన్నది. వారు 2024 జనవరిలో ఎంతో ఖర్చుపెట్టి గుల్‌మర్గ్ వెళ్ళారు. ఆ నెలలో అక్కడ మంచు లేదు. వారు తెచ్చిన ఫొటోలలో కనిపించింది ఎండిన గోధుమరంగు గడ్డి మాత్రమే. కాశ్మీరు లోయలో పలుచోట్ల ప్రజలు వానకోసం, మంచుకోసం నమాజె ఇస్తిస్ఖా చేసిన నెల అది.

మా సందేహానికి మా ఇంటివారు జవాబు చెప్పారు. “మీరు జల్సాలనీ, ఇజ్తెమాలనీ ఎన్ని ఊళ్ళు తిరిగారో నేను లెక్కపెట్టలేదు. నేను పెళ్ళిళ్ళకూ, పరామర్శలకూ తప్ప ఏలూరు దాటి ఎన్నిసార్లు వెళ్ళానో మీరు లెక్కపెట్టగలరా?” వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాము. ఒక చేతి వేళ్ళు చాలాయి. భూమిపై సంచరించి చూడమని ఖుర్ఆన్ పలుమార్లు చెప్పిన మాటను వేదికల మీద వినిపించిన మాకు, ఆ మాట మా వంటగది దాకా చేరలేదని ఆ రోజు అర్థమయింది. అప్పు చేయకూడదనీ, జకాత్ లెక్కకూ పిల్లల ఫీజులకూ లోటు రాకూడదనీ షరతు పెట్టుకుని బయలుదేరాము. మా అమ్మీ, మేమిద్దరం, అమ్మాయి, అల్లుడు, పదకొండేళ్ళ మనవరాలు, మొత్తం ఆరుగురం.

తంగ్‌మర్గ్ మలుపులు

కాశ్మీరీలు డిసెంబరు 21 నుండి నలభై రోజులను ‘చిల్లయె కలాన్’ అంటారు. చలికాలంలో అతి కఠినమైన కాలమిది. మేము దిగింది సరిగ్గా దాని నడుమ. శ్రీనగర్ నుండి గుల్‌మర్గ్ సుమారు యాభై కిలోమీటర్లు. చివరి పదమూడు కిలోమీటర్లు తంగ్‌మర్గ్ నుండి ఘాటు రోడ్డు. రోడ్డు మీద మంచు గట్టిపడితే చక్రాలకు గొలుసులు కట్టిన వాహనాలే పైకి పోగలవు. అందుచేత యాత్రికులు చాలామంది తంగ్‌మర్గ్‌లో వాహనం మారుతారు. పొడవాటి కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకు తీసుకునేదీ ఇక్కడే. ఒక దుకాణంలో మేము రోజుకనుకున్న అద్దె తిరుగు ప్రయాణంలో పూటకని తేలింది. మాటకు మాట పెరిగే లోపల అమ్మీ డబ్బు తీసి ఇచ్చేసి, “ముందే అడగకపోవడం మన తప్పు” అన్నారు. పాఠకులు వెళితే ధర, గడువు రెండూ ముందే కాగితం మీద వ్రాయించుకోవాలి.

గుల్‌మర్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గిన్నెవంటి మైదానం. చుట్టూ దేవదారు, ఫర్ చెట్లు. మసీదు, మందిరం, చర్చి, గురుద్వారా అన్నీ ఆ మైదానం పరిసరాలలోనే ఉన్నాయి. మలుపు తిరగగానే అంతా తెలుపు. మనవరాలు కేక వేసింది. మా ఇంటివారు మాత్రం ఏమీ అనలేదు. బండి దిగి, చేతితొడుగు తీసి, ఒక గుప్పెడు మంచు తీసుకుని వాసన చూశారు. “చేపల వాసన లేదు” అన్నారు. ఆ గుప్పెడు మంచు కరిగి వేళ్ళ సందులలోంచి జారిపోయాక చేతిని తిప్పి చూసుకున్నారు. మరకంటూ ఏమీ మిగలలేదు. పాపానికి వేడి ఉంటుందనీ, అందుకే ఆ దుఆలో చల్లని వస్తువుల ప్రస్తావన వచ్చిందనీ వ్యాఖ్యాతలు వివరించిన సంగతి మేము చదివే ఉన్నాము. చదివినది చేతికి తగలడం వేరు.

కుటుంబంతో వెళ్ళేవారికి

గుల్‌మర్గ్‌లోని తీగమార్గాన్ని అక్కడ గొండోలా అంటారు. ఒక్కొక్క పెట్టెలో ఆరుగురు కూర్చోవచ్చు. మా కుటుంబానికి సరిగ్గా సరిపోయింది. మొదటి దశ సుమారు 3,080 మీటర్ల ఎత్తున ఉన్న కొంగ్‌డోరి వరకు. రెండవ దశ అఫర్వత్ కొండ భుజం మీదికి, దాదాపు 3,900 మీటర్లకు పైగా తీసుకుపోతుంది. టికెట్లు ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అక్కడికి పోయి చూద్దామనుకుంటే నిరాశే. రక్తపోటు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు మొదటి దశతో ఆగడం మేలు. సముద్రతీరపు జిల్లాలో పుట్టి పెరిగినవారి ఊపిరితిత్తులకు ఆ ఎత్తు ఒక్కసారిగా అలవాటు కాదు. తలనొప్పి, ఆయాసం, వాంతి లక్షణాలు కనిపిస్తే పట్టుదలకు పోకుండా కిందికి దిగాలి. మంచుపై పడిన ఎండ కళ్ళను బాధిస్తుంది కనుక నల్లద్దాలు పిల్లలకు కూడా అవసరం. అమ్మీతో మేమూ కొంగ్‌డోరిలోనే ఆగాము. అల్లుడూ అమ్మాయీ పైకి వెళ్ళివచ్చారు.

మనవరాలి పట్టు మాత్రం స్కీయింగ్ మీద. మొదటిసారి నేర్చుకునేవారి కోసం కింది మైదానంలో వాలు తక్కువగా ఉన్న స్థలాలు ఉన్నాయి. పలకలు, బూట్లు, కర్రలు అద్దెకిస్తారు. గంట లెక్కన నేర్పేవారు దొరుకుతారు. మా మనసులో కొంత సంకోచం కదిలింది. ఆడపిల్ల, బహిరంగ స్థలం, దుస్తులు... పైకి ఏమీ అనకముందే చుట్టూ చూశాము. ఆడవారూ మగవారూ అందరూ తల నుండి కాలి వరకు కప్పుకునే ఉన్నారు. పర్దా గురించి మేము చెప్పవలసినదంతా చలే చెప్పివేసింది. స్కార్ఫు మీద శిరస్త్రాణం పెట్టుకుని పిల్ల సిద్ధమయింది.

గురువు ఆమెకు మొదట నేర్పింది ముందుకు పోవడం కాదు, ఆగడం. పలకల ముందు కొనలను దగ్గరకు తెచ్చి, మడమలను దూరంగా తోస్తే వేగం తగ్గుతుంది. ఆ తరువాత పడటం, పడ్డాక పక్కకు తిరిగి లేవడం. లెక్కలేనన్నిసార్లు పడింది. ఒక్కసారి పది గజాలు జారి, తనంతట తానే ఆగింది. “నానా, చూశారా? ఆగాను!” అని అరిచింది. పిల్లలకు మొదట ఆగడం నేర్పే ఆ పద్ధతి ఉపాధ్యాయులమైన మాకు చాలా నచ్చింది.

తంగ్‌మర్గ్ ప్రాంతం నుండే ఆరిఫ్ ఖాన్ అనే యువకుడు 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. ఆ క్రీడలలో భారతదేశం తరఫున పాల్గొన్నది ఆయన ఒక్కడే. ఆయన తండ్రికి గుల్‌మర్గ్‌లో స్కీ సామగ్రి దుకాణం ఉండేది. అతి చిన్న వయసులోనే ఆ పిల్లవాడు పలకలెక్కాడు. ఇంటి ముంగిట్లో ఉన్నదే బిడ్డ చేతికి విద్య అవుతుంది. కొల్లేటి పిల్లవాడికి దోనె నడపడం వచ్చినట్లు.

నమాజుకు ఇబ్బంది లేదు. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్ రెండు రకాతులవుతుంది. ఉజూ చేసి తోలు మేజోళ్ళు తొడిగితే మూడు రోజులు, మూడు రాత్రుల వరకు వాటిపై మసహ్ చేసుకోవచ్చు. కాశ్మీరీ మసీదులలో హమామ్ అనే గది ఉంటుంది. రాతి నేల కింద కట్టెలు మండించి గదినీ నీటినీ వేడిచేస్తారు. 2024 డిసెంబరు చివరిలో భారీ హిమపాతంలో చిక్కుకున్న యాత్రికులకు సోన్‌మర్గ్ దారిలోని గుండ్ గ్రామస్థులు తమ జామియా మసీదు తలుపులు తెరిచి రాత్రి ఆశ్రయమిచ్చారు. ఆ వెచ్చని రాతి నేల మీద కూర్చున్నప్పుడు ఆ వార్త మాకు గుర్తుకు వచ్చింది.

బండి లాగిన మనిషి

ఆ ప్రయాణంలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది కొండ కాదు. గొండోలా దగ్గరి నుండి బండ్లు నిలిచే చోటు వరకు అమ్మీ మోకాళ్ళు సహకరించలేదు. స్లెడ్జి, అంటే చక్రాలు లేని చెక్కబండి, తాడుతో లాగే ఒకాయన వచ్చాడు. మా వయసువాడే. ఫెరన్ లోపల కాంగ్డీ పెట్టుకుని ఉన్నాడు. అమ్మీ ఒప్పుకోలేదు. “మనిషి లాగే బండి మీద నేను కూర్చోను” అన్నారు. ఆయన ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు. “అమ్మీజాన్, మీరు జాలిపడి నడిచిపోతే మీ కాళ్ళూ నొస్తాయి, మా పొయ్యీ వెలగదు. పోయిన ఏడు ఈ నెలలో ఇక్కడ గడ్డి ఉంది. గడ్డి మీద ఈ బండి నడవదు.”

అమ్మీ కూర్చున్నారు. దారి పొడవునా ఆయన పిల్లల చదువుల గురించి అడుగుతూనే ఉన్నారు. దిగాక, అనుకున్నదానికి పైన కొంత ఇచ్చారు. ఆయన ఆ పైడబ్బును వెంటనే తీసుకోలేదు. “ఇది దానమా, బహుమానమా?” అని అడిగాడు. “కొడుక్కి తల్లి ఇచ్చింది” అన్నారు అమ్మీ. అప్పుడు తీసుకున్నాడు.

మేము తిరిగివచ్చాక ఆయన మాట మళ్ళీ నిజమయింది. ఫిబ్రవరి 22న గుల్‌మర్గ్‌లో మొదలుకావలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదాపడి, మార్చి 9 నుండి 12 వరకు జరిగాయి. ఆ తరువాత ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో జరిగిన దారుణ హత్యాకాండలో 26 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో మన రాష్ట్రంవారూ ఉన్నారు. యాత్రికులను కాపాడబోయి ప్రాణమిచ్చిన స్థానిక ముస్లిం గుర్రపువాడూ ఉన్నాడు. అమాయకుని ప్రాణం తీయడం మొత్తం మానవాళిని చంపడం వంటిదని నమ్మే మనకు ఆ రోజు అన్నం సహించలేదు. పర్యాటక స్థలాలు చాలావరకు కొంతకాలం మూతపడ్డాయి. అమ్మీ టీవీ ముందు కూర్చుని ఒకటే అడిగారు. “ఆ బండి అబ్బాయి ఇంట్లో ఈ రోజు పొయ్యి వెలిగిందా?” ఆయన ఫోను నంబరు తీసుకోకపోయినందుకు మేము ఇప్పటికీ చింతిస్తున్నాము.

మన ముంగిట

కాశ్మీరు వెళ్ళగలిగేవారు కొందరే. ఏలూరు, తాడేపల్లిగూడెం వారికి కైకలూరు దగ్గరి ఆటపాక ఒక్క పూట ప్రయాణం. అక్కడ గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టుకుంటాయి. పడవలో కూర్చుని చూడవచ్చు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున తెగగొట్టారు. ఎన్ని జరిగినా బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు మురికి కాకుండా ఉండి, ఉప్పుటేరు దారి పూడిపోకుండా ఉంటేనే ఆ పక్షులకు గూడు, పడవవానికి కూడు. గుల్‌మర్గ్‌లో మంచు ఎంతో, ఇక్కడ నీరు అంత. మనం వేసిన ప్లాస్టిక్ కవరు రెండుచోట్లా ఒకటే కీడు చేస్తుంది.

మేము వచ్చిన వారంలో మా ఇంటివారినీ, తరగతి పిల్లలనూ ఆటపాకకు తీసుకుపోయాము. ప్రశ్న అడిగిన పిల్లవాడు పడవలో మా పక్కనే కూర్చున్నాడు. “హజ్రత్, ఇప్పుడు చెప్పండి, మంచుతో ఎలా కడుగుతారు?” అన్నాడు. మేము మా ఇంటివారి వైపు చూశాము. ఆమె అరచేయి చాచి చూపించి, “ఇక్కడ పెట్టుకున్నాను. కరిగిపోయింది. మరక లేదు” అన్నారు. వాడు ఆ అరచేతిని చాలాసేపు చూసి, తనది చాచి చూసుకున్నాడు.

ఆ కొండల మీద సకాలంలో మంచునూ, మన చెరువులో మంచి నీటినీ, రెండుచోట్లా శాంతినీ అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.