నెల్లూరు గొర్రె తోలు, గోల్ఫ్ గ్లౌజు

నెల్లూరు జాతి గొర్రె ఒంటిమీద ఉన్ని దాదాపుగా ఉండదు. మేకకున్నట్టు పొట్టి వెంట్రుకలు మాత్రమే ఉండే ఈ జాతి భారతదేశపు గొర్రెలలో ఎత్తైనదిగా పేరు పొందింది. తెల్లని ఒంటిమీద లేత గోధుమరంగు మచ్చలున్నదాన్ని పల్ల అనీ, మూతి దగ్గరా కళ్లచుట్టూ నల్లమచ్చలున్నదాన్ని జోడిపి అనీ, ఒళ్లంతా గోధుమరంగులో ఉండేదాన్ని దొర అనీ వ్యవహరిస్తారు. కాపరులు దీన్ని పెంచేది మాంసం కోసమే, తోలు మీద వచ్చేది చిల్లర రాబడి. అయితే గోల్ఫ్ ఆటగాళ్లు మేలైనదిగా ఎంచే గ్లౌజు తయారయ్యేది ఈ తరహా గొర్రె తోలుతోనే. వ్యాపారంలో కాబ్రెట్టా అనే పేరుతో చలామణి అయ్యే ఆ తోలు ఇథియోపియా, నైజీరియా, ఇండోనేషియా వంటి వేడి దేశాల వెంట్రుకల గొర్రెలనుంచి వస్తుంది; నెల్లూరు గొర్రె కూడా ఆ కోవకు చెందినదే గనుక గ్లౌజు మంచిచెడ్డలను నెల్లూరు తీరపు మందల దగ్గరనుంచే తెలుసుకోవచ్చు.

చలిదేశపు ఉన్ని గొర్రె చర్మంలో రోమాల కుదుళ్లు, వాటిని అంటిపెట్టుకున్న కొవ్వు గ్రంథులు కిక్కిరిసి ఉంటాయి. శుద్ధి చేసేటప్పుడు అవి తొలగిపోయిన చోట ఖాళీలు మిగిలి, తోలు గుల్లబారి, పై పొర కింది పొరనుంచి ఊడివచ్చే స్వభావాన్ని పొందుతుంది. వేడి ప్రాంతపు గొర్రెకు అంత ఉన్నితో పని లేదు కాబట్టి కుదుళ్లు పలచగా ఉండి, చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు దగ్గర దగ్గరగా అల్లుకుంటాయి. అందువల్లనే సుమారు అర మిల్లీమీటరు మందానికి పలుచన చేసినా ఆ తోలు చిరగకుండా నిలుస్తుంది. గోల్ఫ్ కర్ర పిడి వేళ్ల మధ్య ఏ కొంచెం తిరిగినా ఆటగాడికి తెలియాలంటే ఆ పలుచదనం ఉండి తీరాలి.

ఇంత పలుచని తోలులో ఏ లోపమూ దాగదు. సర్కారు తుమ్మ ముళ్ల గీతలు, పిడుదులు కరిచిన చోట్లు, గొర్రె మశూచి మిగిల్చిన గుంటలు శుద్ధి తరువాత మరింత స్పష్టంగా బయటపడతాయి, ఒలిచేవాడి కత్తి గాటు ఒక్కటి పడినా ఆ భాగం గ్లౌజుకు పనికిరాదు. ఒలిచిన తోలుకు వేసవి వేడిలో కొద్ది గంటలలోనే ఉప్పు పట్టించకపోతే కుళ్లు మొదలై వెంట్రుకలు ఊడిపోతాయి. మందకు సమయానికి వేసే మశూచి టీకా, తోలును కత్తితో కోయకుండా పిడికిలితో తోసి ఒలిచే నేర్పు కాపరికి, ఒలిచేవాడికి నేరుగా ధరను పెంచగల విషయాలు. వీటి మీద పెట్టవలసినంత శ్రద్ధ పెట్టకపోవడం విచారకరం.

పచ్చితోలును కుళ్లని తోలుగా మార్చే పనిని టానింగ్ అంటారు. మద్రాసు ప్రాంతంలో పూర్వం తంగేడు చెక్కతో నానబెట్టి, కరక్కాయతో ముగించిన తోళ్లు ఈస్టిండియా తోళ్లనే పేరుతో విదేశాలకు వెళ్లేవి. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమియం లవణాలతో శుద్ధి చేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. చెన్నై శివారులోని క్రోంపేటకు ఆ పేరు క్రోమ్ తోళ్ల కర్మాగారం వల్లనే వచ్చింది. 1948లో అడయారులో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఏర్పడింది. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో దానికి డైరెక్టరై, ఊళ్లలో తోలుపని చేసేవారి వృత్తిని విజ్ఞానశాస్త్రంతో కలిపిన తెలుగువాడిగా చిరస్మరణీయుడయ్యాడు. చెక్కతో శుద్ధి చేసిన తోలు బిగువుగా ఉంటుంది, తడి వేడికి త్వరగా ముడుచుకుంటుంది. క్రోమ్ తోలు మెత్తగా ఉండి, మరిగే నీటి వేడిని కూడా తట్టుకోగలదు కనుక చెమటలో నానే గ్లౌజుకు అదే తగినది.

కుడిచేతి వాటం ఆటగాడు ఎడమ చేతికి మాత్రమే గ్లౌజు వేసుకుంటాడు, ఎందుకంటే కర్రను పై భాగాన బిగించి పట్టి ఊపును నడిపేది ఆ చెయ్యే. కొలతకు బొటనవేలిని వదిలి పిడికిలి కణుపుల చుట్టూ టేపు చుట్టాలి, నడిమివేలి పొడవు కూడా చూడాలి. అరచెయ్యి వెడల్పుగా, వేళ్లు పొట్టిగా ఉన్నవారికి కేడెట్ అనే ప్రత్యేక కొలత దొరుకుతుంది. తొడిగినప్పుడు వేళ్ల కొసల వద్ద తోలు మిగలకూడదు, అరచేతిలో ముడతలు ఉండకూడదు. మణికట్టు పట్టీ కొస వరకూ లాగి అతికించవలసి వస్తే గ్లౌజు పెద్దదన్నమాటే. వాడకంలో తోలు కొంత సాగుతుంది కాబట్టి కొత్తలో కాస్త బిగువుగా అనిపించేదే సరైనది. వదులుగా ఉంటే హాయిగా ఉంటుందని పెద్ద కొలత కొనడం చాలామంది చేసే పొరపాటు. లోపల చెయ్యి జారితే చర్మం ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది.

చెన్నైలోనూ, విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ మైదానంలోనూ, నెల్లూరు తీరం పొడవునా ఉండే గాలి తేమతో బరువెక్కినది. ఆ తేమలో గ్లౌజు చెమటతో నానుతుంది. చెమట ఆరినప్పుడు ఉప్పు పోగుల మధ్య మిగిలి, మెత్తదనాన్నిచ్చే నూనెలు క్రమంగా పోయి, తోలు అట్టలా బిర్రబిగుస్తుంది. అందుకే ఒక్క గ్లౌజునే అరిగేదాకా వాడటం కంటే రెండు మూడింటిని ఆటలోనే మార్చుకుంటూ వాడటం మంచిది. తీసిన గ్లౌజును ఉండచుట్టి సంచిలో పడెయ్యకూడదు. అరచేతితో చదును చేసి నీడలో, గాలి తగిలేలా ఆరనిచ్చి, ఆ తరువాతే కవరులో పెట్టాలి. ఎండలోనో, వేడిగాలి యంత్రం ముందో ఆరబెడితే పోగులు పెళుసవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలలో తడిసిన గొర్రె తోలు జారుతుంది గనుక ఆ నెలలలో తడిలో పట్టు దొరికే సింథటిక్ గ్లౌజులను రెండు చేతులకూ వేసుకోవడం మంచిది. రోజువారీ సాధనకు కూడా చవకైన సింథటిక్ రకం సరిపోతుంది.

అరిగిన గ్లౌజును పారవేసేముందు పరిశీలించడం అవసరం. మణికట్టు పక్కనున్న అరచేతి కండ దగ్గర రంధ్రం పడితే, ఆటగాడు పిడిని వేళ్లతో కాక అరచేతితో పట్టుకుంటున్నాడనో, దెబ్బ వేళ కర్ర చేతిలో కదులుతున్నదనో ఊహించవచ్చు. బొటనవేలు ముందుగా చిరిగితే ఆ వేలు పిడిని అవసరానికి మించి నొక్కుతున్నట్టు భావించవచ్చు. రెండు సందర్భాలలోనూ కొత్త గ్లౌజు కొనేముందు పట్టును శిక్షకుడికి చూపించుకోవడం మేలు.