రోదసిలోకి మనిషే ఎందుకు?

హబుల్ టెలిస్కోపు మరమ్మతు ఓ బోల్టు దగ్గర ఆగిపోయింది. 2009 మే 17 నాటి సంగతిది. భూమికి 550 కిలోమీటర్లకు పైన, అట్లాంటిస్ షటిల్ నుంచి బయటికొచ్చిన మైక్ మాసిమినో ఆ టెలిస్కోపులో అయిదేళ్లుగా పడకేసిన ఓ పరికరాన్ని బాగుచేయాలి. దాని మూతకి వందకు పైగా బుల్లి స్క్రూలు. విప్పేటప్పుడు ఒక్కటి చేజారి లోపల పడినా ప్రమాదమే. అందుకని వాటిని పట్టి ఉంచే పలకను ముందుగా బిగించాలి. ఆ పలకకి అడ్డంగా ఓ కమ్మీ ఉంది. కమ్మీకి నాలుగు బోల్టులు. మూడు చెప్పినట్టు విన్నాయి, నాలుగోదాని తల అరిగిపోయింది.

ఏళ్ల తరబడి చేసిన సాధనంతా అక్కడ అక్కరకు రాకుండా పోయింది. కింద ఇంజినీర్లు అలాంటి కమ్మీనే తెచ్చి, ఎంత బలంగా లాగితే ఊడుతుందో అప్పటికప్పుడు పరీక్షించి చూశారు. ముక్కలు ఎగిరిపోకుండా టేపు చుట్టి, పట్టుకుని లాగెయ్యమన్నారు. లాగేశాడు. ఊడొచ్చింది. ఊళ్లో సైకిల్ షాపు మెకానిక్కు రోజూ చేసే పనే, కాకపోతే లావుపాటి గ్లవుజులు తొడుక్కుని శూన్యంలో చేశాడు. ఆ తర్వాత ఒక్కో స్క్రూ విప్పి పరికరానికి మళ్లీ ప్రాణం పోశారు.

మరి, ప్రతి పనికీ మనిషే కావాలా? అక్కర్లేదు. హబుల్ తర్వాత వచ్చిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు 15 లక్షల కిలోమీటర్ల దూరానికి వెళ్లి, మడతలన్నీ తనంతట తానే విప్పుకుంది. దాన్ని తాకిన చెయ్యి లేదు. ఖర్చు చూసినా యంత్రమే నయం. చంద్రయాన్-3కి మనకి అయింది ఆరొందల కోట్ల పైచిలుకు. మనుషుల్ని రోదసిలోకి పంపే గగన్‌యాన్ కార్యక్రమానికి 2024లో ప్రభుత్వం ఆమోదించిన మొత్తం రూ.20,193 కోట్లు. అందులో ఎనిమిది ప్రయోగాలున్నాయి, రేపటి మన అంతరిక్ష కేంద్రం తొలి భాగం కూడా ఉంది, నిజమే. అయినా ఆ సొమ్ముతో ముప్పై చంద్రయాన్‌లు పంపొచ్చు కదా అని అడిగేవాళ్లది పిచ్చి ప్రశ్నేం కాదు.

దానికి జవాబుగా కొందరు పెనాలు చూపిస్తారు. రోదసియాత్రల పుణ్యమాని వాటికి పూసే టెఫ్లాన్ వచ్చిందంటారు. టెఫ్లాన్ 1938లోనే పుట్టింది, నాసా పుట్టింది 1958లో. ఇలాంటి వాదనలతో గగన్‌యాన్‌ను నిలబెట్టనక్కర్లేదు.

అనుకోనిది ఎదురైతే...

యంత్రం మనం ముందుగా ఊహించిన పని చేస్తుంది. ఊహించనిది ఎదురైనప్పుడే చిక్కు. అంగారకుడి మీద 2018లో దిగిన ఇన్‌సైట్ నౌకలో నేలలోకి గుచ్చే సాధనం ఒకటి ఉండేది. అయిదు మీటర్ల లోతుకి దిగి అక్కడి వేడిని కొలవాలి. తీరాచూస్తే మట్టి అనుకున్నట్టు లేదు. సాధనానికి పట్టు చిక్కక ఉన్నచోటే ఎగిరెగిరి పడింది. పక్కనున్న రోబో చేతితో నొక్కించారు, తోయించారు, మట్టి కప్పించారు. దాదాపు రెండేళ్లు తంటాలు పడి, 2021 జనవరిలో ఇక మావల్ల కాదన్నారు. పక్కన మనిషుంటే ఇంకో రెండడుగుల అవతల తవ్వి చూసేవాడు.

1972 డిసెంబరులో చందమామ మీద అదే జరిగింది. అపోలో-17లో వెళ్లిన హారిసన్ ష్మిట్ భూగర్భ శాస్త్రవేత్త. షార్టీ అనే గుంత అంచున నడుస్తుంటే బూటు కింద నారింజ రంగు మట్టి కనిపించింది. అక్కడ ఆగడానికి ఉన్న సమయమే తక్కువ. ఉన్నంతలోనే చిన్న కందకం తవ్వి, గొట్టం దిగ్గొట్టి మట్టి తీశారు. అది 350 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతం చిమ్మిన గాజుపూసల పొడి. దశాబ్దాల తర్వాత ఆ పూసల్లోనే చందమామ లోతుల్లోని నీటి జాడలు దొరికాయి. ష్మిట్, ఆయన సహచరుడు కలిసి మూడు రోజుల్లో 35 కిలోమీటర్లు తిరిగారు. అంగారకుడి మీద ఆపర్చునిటీ రోవర్ 14 ఏళ్లలో తిరిగింది 45. అపోలో యాత్రలన్నీ కలిపి తెచ్చిన రాళ్లూ మట్టీ 382 కిలోలు. అదే కాలంలో మనుషుల్లేకుండా వెళ్లొచ్చిన మూడు రష్యా నౌకలు తెచ్చింది మూడొందల గ్రాముల చిల్లర.

తిరిగి తీసుకురావడమే అసలు చదువు

నాకు మాత్రం ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి కనిపిస్తుంది. ఉపగ్రహం పోతే బీమా ఉంటుంది, ఇంకోటి చేసుకోవచ్చు. మనిషి ఎక్కుతున్నాడంటే ‘చూద్దాంలే’ అన్న మాట పనికిరాదు. 1984 ఏప్రిల్ 3న రాకేశ్‌శర్మతో కలిసి రోదసిలోకి వెళ్లిన ఇద్దరిలో గెన్నాదీ స్ట్రెకలోవ్ ఒకరు. అంతకు ఆర్నెల్ల ముందు, 1983 సెప్టెంబరు 26న బైకనూర్‌లో ఆయన కూర్చున్న రాకెట్టుకి వేదిక మీదే మంటలంటుకున్నాయి. పేలడానికి రెండు సెకన్ల ముందు, రాకెట్ కొసనున్న రక్షణ వ్యవస్థ ఆయన్నీ సహచరుణ్నీ ఎగరేసుకుపోయి నాలుగు కిలోమీటర్ల దూరాన దించింది. ఆ మనిషే మళ్లీ రాకెట్ ఎక్కారు, పక్కసీట్లో మనవాణ్ని కూర్చోబెట్టుకుని!

అలాంటి రక్షణ వ్యవస్థనే ఇస్రో 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో పరీక్షించింది. కౌంట్‌డౌన్ అయిదు సెకన్లుందనగా కంప్యూటర్ తేడా పసిగట్టి ఆపేసింది. లోపం సరిచూసుకుని పది గంటలకు వదిలారు. గాల్లో రాకెట్ నుంచి విడివడిన, మనుషులు కూర్చునే గది పారాచూట్లతో బంగాళాఖాతంలో పడింది, అదీ తలకిందులుగా. నౌకాదళం వాళ్లు వెళ్లి తెచ్చారు. ఈ తలకిందుల సంగతి లోపల మనిషి ఉన్నప్పుడు తెలిసుంటే ఏమయ్యేది? ఊపిరాడేలా గాలిని శుద్ధిచేసే వ్యవస్థను ఇవ్వడానికి బయటివాళ్లెవరూ ముందుకు రాకపోతే ఇస్రో సొంతంగా తయారుచేసుకుంటోంది. 2025 జూన్‌లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా వెళ్లాల్సిన ఫాల్కన్-9 రాకెట్లో ద్రవ ఆక్సిజన్ లీకు బయటపడితే, పూర్తిగా సరిచేశాకే కదలాలని మనవాళ్లు పట్టుబట్టారని ఇస్రో అధిపతి నారాయణన్ చెప్పారు. పదేళ్ల కిందటి ఇస్రో అయితే అంత గట్టిగా మాట్లాడగలిగేదా అన్నది అనుమానమే.

శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పద్దెనిమిది రోజులుండి మెంతులూ పెసలూ మొలకెత్తించి చూశారు, కండరాల మీదా ఆల్గే మీదా ప్రయోగాలు చేశారు. ఇవన్నీ పత్రికల్లో రెండు వాక్యాల్లో అయిపోయాయి. జనం గుర్తుపెట్టుకున్నది ఆయన తేలుతూ మాట్లాడిన తీరునీ, వెంట తీసుకెళ్లిన క్యారట్ హల్వానీ. దీన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన బండ్ల శిరీష 2021 జులైలో రోదసి అంచులకు వెళ్లొచ్చింది కాసిన్ని నిమిషాలే, కానీ ఆ వారమంతా మన ఇళ్లలో అదే మాట. పెద్ద పెద్ద ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచి ఎన్ని ఎగిరినా వాటి పేర్లు మనలో ఎంతమందికి గుర్తు?

కాబట్టి పంపాల్సిందే. తొందరపెట్టకుండా పంపాలి. గగన్‌యాన్ 2022కే అన్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు. ముందు మనుషుల్లేకుండా, వ్యోమమిత్ర అనే రోబోతో ప్రయోగం జరగాలి. కొలంబియా షటిల్‌తోపాటు కల్పనాచావ్లానూ మరో ఆరుగురినీ పోగొట్టుకున్న 2003 ఫిబ్రవరి 1 తర్వాత, ఆలస్యాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

శ్రీహరికోటలో ప్రయోగాలు చూడ్డానికి 2019 నుంచీ జనానికి గ్యాలరీ ఉంది. ముందుగా ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి. సూళ్లూరుపేట దాకా రైలుంది, అక్కణ్నుంచి పులికాట్ మీదుగా రోడ్డు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. తీరా వెళ్లాక కౌంట్‌డౌన్ ఆగి ప్రయోగం వాయిదా పడితే విసుక్కోకండి, ఎందుకు ఆపారో వాళ్లకి చెప్పి తీసుకురండి.