చిన్నారి రౌతు తొలి పోటీ

ఇంగ్లిష్ స్వారీలో జీను పల్చగా, చదునుగా ఉంటుంది. జారితే పట్టుకోవడానికి ముందు భాగంలో కొమ్ములాంటిదేమీ ఉండదు. పగ్గాలు రెండు చేతులతో పట్టుకోవాలి. బ్రిటన్‌లో వేటకుక్కల వెంట కంచెలు దూకుతూ పరుగెత్తిన వేటగాళ్ల అలవాట్లు, అశ్వికదళాల శిక్షణ కలిసి ఈ పద్ధతికి రూపమిచ్చాయి. అమెరికాలో పశువుల కాపర్ల దగ్గర పుట్టిన వెస్టర్న్ స్వారీ దీనికి పూర్తిగా వేరు. అక్కడ కొమ్ము జీను ఉంటుంది, పగ్గాలు ఎక్కువగా ఒంటిచేత్తోనే పడతారు. అమెరికాలో రెండు రకాల పోటీలూ జరుగుతాయి. ఇంగ్లిష్ స్వారీ నేర్చుకుంటున్న పిల్లలు సాధారణంగా మొదట దిగేది స్కూలింగ్ షో అనే చిన్న స్థానిక పోటీలో. జాతీయ సమాఖ్య గుర్తింపు ఉన్న పెద్ద పోటీలతో పోలిస్తే ఇక్కడ ఖర్చు తక్కువ, నియమాల పట్టింపూ తక్కువే.

ఈ పోటీల్లో ఒక్కో అంశాన్ని క్లాస్ అంటారు. ఆరేడేళ్ల లోపు పిల్లలకు లీడ్‌లైన్ ఉంటుంది. బిడ్డ జీను మీద కూర్చుంటే పెద్దవాళ్లొకరు తాడు పట్టుకుని గుర్రాన్ని నడిపిస్తారు. తర్వాతి మెట్టు వాక్-ట్రాట్. ఇందులో మామూలు నడక, దాని తర్వాతి వేగమైన రెండడుగుల లయ అయిన ట్రాట్ మాత్రమే ఉంటాయి. ఆపైన మూడడుగుల లయలో సాగే కాంటర్, అది దాటితే చిన్న చిన్న దూకుళ్లు. లాయంలో బిడ్డకు ఏది వచ్చో దానికి ఒక మెట్టు కింద ఉన్న క్లాస్‌లో పేరు ఇవ్వడమే మంచిది. ఇంటి దగ్గర హాయిగా కాంటర్ చేసే పిల్లకు తొలి పోటీలో వాక్-ట్రాట్ చాలు. కొత్త చోటు, మైకు చప్పుడు, చుట్టూ పది తెలియని గుర్రాలు కలిస్తే వచ్చిన విద్యలో కొంత మరుగున పడుతుంది. ఆ లోటు తీరడానికే ఈ ఒక్క మెట్టు.

న్యాయనిర్ణేత ఏం చూస్తారన్నది క్లాస్‌ను బట్టి మారుతుంది. ఈక్విటేషన్‌లో మార్కులు రౌతుకే పడతాయి. కూర్చున్న తీరు, మడమ కిందికి దిగి ఉందా, చూపు ముందుకు ఉందా, చేతులు నిలకడగా ఉన్నాయా అన్నవి గమనిస్తారు. హంటర్, ప్లెజర్ క్లాసుల్లో గుర్రం నడక, బుద్ధి చూస్తారు. పిల్లలు ఎక్కువగా తడబడేది ట్రాట్‌లో లేచి కూర్చునే లయ దగ్గర. రింగ్ చుట్టూ తిరుగుతున్నప్పుడు కంచెవైపు ఉన్న గుర్రం ముందు భుజం ముందుకు కదిలినప్పుడు లేవాలి, వెనక్కి వచ్చినప్పుడు కూర్చోవాలి. తప్పినట్టు తెలిస్తే ఒక అడుగు అదనంగా కూర్చుని మళ్లీ లేస్తే లయ సరిపోతుంది. దీన్ని తల వంచి చూడకుండా కొనకంటితో కనిపెట్టడం నేర్పాలి. మెడ వంగితే వీపు వంగుతుంది, వీపు వంగితే మిగతా కూర్పంతా చెదురుతుంది. తొలి పోటీకి ముందు వారాల సాధనలో ఎక్కువ భాగం దీనికే ఇచ్చినా తప్పులేదు.

రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత అనుభవం ఉన్నవాళ్లకు సరిపోతుంది. తొలి పోటీలో గుర్రం కొద్దీ రౌతు. అందంగా కనిపించే కుర్ర గుర్రం కన్నా ఎన్నో పోటీలు చూసి, మైకుకు చెవి కూడా ఆడించని ముసలి గుర్రం పిల్లలకు పెద్ద దిక్కు. రోజూ సాధన చేసే గుర్రం మీదే పోటీకి వెళ్లడం ఇంకా మేలు.

దుస్తుల్లో ఒక్కదానికే రాజీ ఉండకూడదు, అది హెల్మెట్. అమెరికాలో గుర్రపు స్వారీ కోసం పరీక్షించి ధ్రువీకరించిన హెల్మెట్‌నే వాడాలి. సైకిల్ హెల్మెట్ పనికిరాదు. ఒకసారి గట్టిగా నేలకు తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మార్చేయాలి. చిన్నపిల్లలు చీలమండ దాకా వచ్చే పొట్టి బూట్లు, జోధ్‌పుర్లు వేసుకుంటారు. రాజస్థాన్ నగరం పేరుతో ప్రపంచమంతా తిరుగుతున్న ప్యాంటు ఇది. మోకాలి కింద సన్నటి తోలు పట్టీ కడతారు. ఆడపిల్లలకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టడం అక్కడి పోనీ పోటీల్లో ముచ్చటైన ఆనవాయితీ. మన పల్లెల్లో బడికెళ్లే పిల్లల జడలు చూసినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. పోటీనాడు జడ ఎలా వేస్తారో అలాగే వేసి ముందుగా ఒకరోజు హెల్మెట్ పెట్టి చూడాలి. జుట్టు మందం మారితే పట్టు మారుతుంది.

రికాబుల విషయం చాలామంది తల్లిదండ్రుల దృష్టికి రాదు. పిల్లలకు పీకాక్ రికాబులు వాడతారు. వీటికి ఒకవైపు ఇనుము బదులు మందపాటి రబ్బరు బ్యాండు ఉంటుంది. పడినప్పుడు పాదం ఇరుక్కుంటే ఆ బ్యాండు ఊడిపోయి కాలు బయటపడుతుంది. బ్యాండు ఎప్పుడూ పాదానికి బయటివైపు ఉండాలి. పగుళ్లు కనిపిస్తే కొత్తది వేయాలి.

ముందురోజు లాయంలో పని ఎక్కువ. గుర్రానికి స్నానం చేయించి, జూలు దువ్వి, గిట్టలు శుభ్రం చేస్తారు. జీను, కళ్లెం సబ్బుతో తుడుస్తారు. ఈ పనుల్లో బిడ్డ చెయ్యి పడాలి. గుర్రం ఒళ్లు తడిమి తుడిచిన పిల్లకు మర్నాడు దాని మీద బెరుకు తగ్గుతుంది. పోటీకి వచ్చే గుర్రాలకు అంటు రక్తహీనత లేదని తేల్చే కాగిన్స్ పరీక్ష కాగితాన్ని నిర్వాహకులు అడుగుతారు. అది సంచిలోకి ముందే చేరాలి.

పోటీ ఉదయం పిల్లకు తేలికపాటి తిండి, తాగునీరు ఇవ్వాలి. నంబరు కాగితాన్ని వీపు వెనక నడుము దగ్గర దారంతో కడతారు. ఎక్కేముందు గుర్రం పొట్టకింది పట్టీని మరోసారి బిగించాలి. జీను వేసేటప్పుడు పొట్ట ఉబ్బించి, ఆనక వదులు చేసే గుర్రాలు చాలా ఉంటాయి. సన్నాహక రింగ్‌లో ఎదురెదురుగా వచ్చేవాళ్లు ఎడమ చేతివైపు ఎడమ చెయ్యి వచ్చేలా దాటుకుంటారు. ముందున్న గుర్రానికి కనీసం ఒక గుర్రం పొడవు దూరం పాటించాలి. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే అది తన్నే గుర్రం, ఇంకా దూరంగా ఉండాలి. దగ్గరైపోతే లోపలికి చిన్న గుండ్రం తిరిగి ఖాళీ ఉన్న చోటికి వెళ్లవచ్చు. అది తప్పుగా లెక్కకు రాదు, న్యాయనిర్ణేతకు బిడ్డ విడిగా కనిపిస్తుంది కూడా.

మైకులో ట్రాట్ అని వినగానే గుర్రాన్ని అదిలించనక్కర్లేదు. ఒక ఊపిరి తీసుకుని, పగ్గాలు సర్దుకుని మొదలుపెట్టే పిల్లే చక్కగా కనిపిస్తుంది. దూకుళ్ల క్లాస్ అయితే వరుసను గేటు దగ్గర అంటించిన కాగితం చూసి గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు దూకే అడ్డులో కత్తెరలా వేసిన రెండు కర్రల మధ్యభాగం కిందికి ఉంటుంది, చూపు అక్కడికి తిప్పితే గుర్రం కూడా అటే వెళుతుంది.

కంచె బయట నుంచి తల్లిదండ్రులు సలహాలు అరవకూడదు. బిడ్డకు ఆ సమయంలో గురువు గొంతు ఒక్కటే వినిపించాలి. పడితే ముందు దెబ్బ చూడాలి. తల నేలకు తగిలితే ఆ రోజుకు స్వారీ ఆపేయాలి, డాక్టరుకు చూపించాలి.

అమెరికాలో మొదటి బహుమతికి నీలం రిబ్బను, రెండోదానికి ఎరుపు, మూడోదానికి పసుపు, నాలుగోదానికి తెలుపు ఇస్తారు. బ్రిటన్‌లో ఎరుపే మొదటిది. రిబ్బను వచ్చినా రాకపోయినా క్లాస్ ముగియగానే బిడ్డ చేయాల్సిన పని ఒకటే. దిగి, పొట్టపట్టీ వదులు చేసి, ఊపిరి కుదుటపడేదాకా గుర్రాన్ని మెల్లగా నడిపించాలి. తర్వాత నీళ్లు పట్టి నీడలో కట్టాలి. ఫొటోలు ఆ తర్వాతే.