స్విచ్చికి తాళము, స్విచ్చికి దినచర్య

ధర్మవరము నుండి బెంగుళూరు వైపు పోవు రైలు పెనుకొండ, హిందూపురముల మీదుగా పోవును. బండి ఏ స్టేషనుకు ఎప్పుడు వచ్చినది, ఎప్పుడు పోయినది స్టేషను రిజిస్టరులో వ్రాయుదురు. ఆలస్యము ఎక్కడ జరిగినదో తెలియవలెనన్న మూడు రిజిస్టర్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన చాలును. కంప్యూటర్లను కలుపు ‘నెట్‌వర్కు స్విచ్చి’కి కూడ ఇట్టి రిజిస్టరు అవసరము.

ఈ స్విచ్చి దీపపు మీట కాదు. దీనికి అనేక ద్వారములుండును. వచ్చిన సమాచారముపై నున్న చిరునామాను చూచి, తగిన ద్వారము గుండా పంపుట దీని పని. ఏ ద్వారమును తెరువవలెనో, దేనిని మూయవలెనో ఆజ్ఞాపించు అధికారము గలవారి చేతిలో నెట్‌వర్కు అంతయు ఉన్నట్లే.

ఈ మూడు ఊళ్ళలోను ఒక్కొక్క స్విచ్చి ఉండి, అవి వరుసగా తీగతో కలుపబడినవనుకొందము. ఒక రాత్రి పెనుకొండలో హిందూపురము వైపు ద్వారము మూతపడినది. తీగ తెగినదా? ఎవరైన మూసినారా? తీగ తెగినచో దినచర్యలో ‘సంబంధము పోయినది’ అని మాత్రమే ఉండును. ఆజ్ఞచే మూసినచో, ఆజ్ఞ ఇచ్చినవారి పేరును నమోదు చేయించవచ్చును. కాని నలుగురు ఉద్యోగులు ఒకే పేరును, ఒకే పాస్‌వర్డును వాడుచున్నయెడల ఆ పేరు వలన ప్రయోజనము లేదు. చేసినవాడు తప్పించుకొనును, ఆ పూట పనిలో ఉన్నవానిపై నింద పడును. కావున ఒక్కొక్కరికి వేరు పేరు, పనికి చాలినంత అధికారము మాత్రమే ఇయ్యవలెను.

పాత టెల్‌నెట్ పద్ధతిలో పాస్‌వర్డు పోస్టుకార్డు మీది వ్రాతవలె బాహాటముగా పోవును. ఫిన్లాండు దేశస్థుడు తాతు ఇలోనెన్ 1995లో రూపొందించిన ఎస్.ఎస్.హెచ్. పద్ధతిలో అది గూఢలిపిలో పోవును. రెండవదానినే వాడుట క్షేమము.

స్విచ్చి వ్రాయు దినచర్యకు ‘సిస్‌లాగ్’ అని పేరు. దీనిని 1980ల దశకములో అమెరికాలో ఎరిక్ ఆల్మన్ ఆరంభించెను. ఇందు సంఘటనల తీవ్రతను 0 నుండి 7 వరకు అంకెలతో సూచింతురు. అంకె ఎంత చిన్నదో ప్రమాదము అంత పెద్దది. ఈ వ్రాత స్విచ్చిలోనే ఉన్నచో విద్యుత్తు పోయినప్పుడు చెరిగిపోవచ్చును. దొంగతనముగా చొరబడినవాడు తుడిచివేయవచ్చును. అందుచే దానిని వెంటనే మరియొక కంప్యూటరుకు పంపి భద్రపరచవలెను.

గడియారములును కలియవలెను. పెనుకొండ గడియారము 5 నిమిషములు ముందున్నచో, ఫలితమైన హిందూపురపు సంఘటన ముందును, కారణమైన పెనుకొండ సంఘటన తరువాతను జరిగినట్లు కనిపించును. కేంద్రప్రభుత్వ సంస్థయగు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశములలో, జాతీయ భౌతిక ప్రయోగశాల వంటి సంస్థల కాలముతో గడియారములను సరిచూచుకొనవలెననియు, దినచర్యలను 180 దినములు దాచవలెననియు ఉన్నది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ముగ్గురు విద్యార్థులకు సరిపోలని మూడు గడియారములిచ్చి, ఒకే గంట మ్రోగిన వేళను విడివిడిగా వ్రాయించవలెను. ఆ మూడు చీటీలను బట్టి గంట ఎప్పుడు మ్రోగినదో చెప్పుమని తక్కినవారి నడిగిన, చిక్కు ఎక్కడున్నదో వారే గ్రహింతురు.