ప్లస్‌టూ తరువాత సోషియాలజీ: గంజాం తెలుగు పిల్లలకు ఉన్న దారులు, దాటాల్సిన గుమ్మాలు

ప్లస్‌టూ ఫలితాలు వచ్చి, సామ్స్‌లో కాలేజీల పేర్లు ఎంచుకునే రోజుల్లో బరంపురం తెలుగు ఇళ్ళలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. సైన్సు సీటు దొరకలేదు, కామర్సు మీద ఇష్టం లేదు, "సరేలే, ఆర్ట్స్‌లో ఏదో ఒకటి పెట్టు" అంటారు. ఆ ఏదో ఒకటి చాలాసార్లు సోషియాలజీ ఆనర్స్ అవుతుంది. ఆడపిల్లకైతే అది సంబంధం కుదిరేదాకా సాగే చదువు. మగపిల్లవాడికైతే బ్యాంకు పరీక్షల కోచింగ్ పక్కన నడిచే డిగ్రీ. మూడేళ్ళు గడిచాక "దీనికి ఉద్యోగాలు లేవు" అని తేలుస్తారు.

ఉద్యోగాలు లేవన్న మాటలో సగం నిజముంది. "సోషియాలజిస్టు కావలెను" అని పేపర్లో ప్రకటన రాదు. ఇంజనీరుకో నర్సుకో ఉన్నట్టు డిగ్రీ చేతికి రాగానే తెరుచుకునే ఒకే తలుపు ఈ సబ్జెక్టుకు లేదు. చిన్న తలుపులు పది ఉన్నాయి. వాటిలో కొన్నింటికి గంజాం తెలుగు పిల్లలు మిగతావాళ్ళకంటే దగ్గరగా ఉన్నారు. మరికొన్ని, కాగితాల దగ్గర జరిగే పొరపాట్ల వల్ల వాళ్ళకు మూసుకుపోతున్నాయి. ఈ రెండూ తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి.

మొదట ఈ సబ్జెక్టు ఏమిటో చూద్దాం. కులం, కుటుంబం, పెళ్ళి, వలస, మతం, పని, అధికారం వంటివి మనుషుల మధ్య ఎలా నడుస్తాయో పరిశీలించి, లెక్కగట్టి, కారణాలతో చెప్పడం సోషియాలజీ పని. పుస్తకంలో ఇది ఎక్కడో దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. మన జిల్లాలో మాత్రం వీధిలోనే ఉంది. బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణీ జాతరలో అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేశీబెహరా వారిది, అంటే మగ్గం నేసే తెలుగువారి కులపెద్ద ఇల్లు. ఒడియా నగరపు అతి పెద్ద పండుగకు తెలుగు నేతవారి ఇల్లు కేంద్రం ఎలా అయింది? పట్టుచీరల మగ్గాలు తగ్గుతుంటే ఆ పెద్దరికం ఏమవుతోంది? గోపాలపురం నుంచి తీరం పొడవునా ఉన్న, ఒడియావారు నోళియాలని పిలిచే మన వాడబలిజ, జాలరి కుటుంబాల పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారు, బడిలో ఏ భాష రాస్తున్నారు? ఆస్కా, హింజిలికాటు వైపు ఊళ్ళ నుంచి సూరత్ మగ్గాలకు తరాలుగా వెళ్ళే మగవాళ్ళు 2020 లాక్‌డౌన్‌లో ఒక్కసారిగా తిరిగొస్తే, ఊళ్ళో ఇంటి పెత్తనం ఎవరి చేతిలో ఉంది? ఇవన్నీ డిగ్రీ విద్యార్థి ప్రాజెక్టుగా రాయదగ్గ ప్రశ్నలే. ఢిల్లీ విద్యార్థికి ఇక్కడికి రావాలంటే టిక్కెట్టు కావాలి, దుబాసీ కావాలి. మన పిల్లకు రెండూ అక్కర్లేదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే తలుచుకుంటాం. ఆయన ఉద్యోగం పర్లాకిమిడిలో, అప్పటి గంజాం జిల్లాలో, బడిపంతులు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. ఈనాడు విశ్వవిద్యాలయాలు "ఫీల్డ్ వర్క్" అనేది ఆయన చేసిందే. తరువాత ఈ కొండల మీద పుస్తకాలు రాసినవాళ్ళు పెద్ద పేర్లవాళ్ళు. వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద రాసిన పుస్తకం 1955లో వచ్చింది. కంధమాల్ కొండల్లోని బిసిపడా అనే ఊరి మీద ఎఫ్.జి. బెయిలీ రాసినది 1957లో వచ్చింది. నేటికీ సోషియాలజీ క్లాసుల్లో బెయిలీని చదువుతారు. బరంపురం విద్యార్థికి మాత్రం ఆ ఊరు బస్సు దూరంలోనే ఉందని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు గుమ్మాల సంగతి. అన్నిటికంటే ముందు ఒడియా.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల ప్రకటనల్లో ఒక షరతు ఉంటుంది. అభ్యర్థి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, దానికి రుజువు చూపాలి. ఏడో తరగతిలోనో మెట్రిక్‌లోనో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి. అది లేనివాళ్ళు ఆ స్థాయికి నిర్వహించే ఒడియా పరీక్ష రాసి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. తెలుగు మీడియంలోనో, హిందీ–ఇంగ్లీషు సెంట్రల్ సిలబస్‌లోనో చదివిన మన పిల్లలు వీధిలో ఒడియా ధారాళంగా మాట్లాడతారు, కాగితం మీద మాత్రం వాళ్ళకు ఒడియా ఉండదు. ఉద్యోగ పరీక్షలో మార్కులు తెచ్చుకుని, సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోవడం కంటే బాధ ఏముంటుంది? డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఈ పని పూర్తి చేసుకోవాలి. ఒడిశా సివిల్ సర్వీసు పరీక్షలో ఒడియా పేపరు తప్పనిసరి కాబట్టి చేతిరాత కూడా ఇప్పటి నుంచే సాధన చేయాలి. తెలుగు నిలబెట్టుకోవడానికీ ఒడియా రాయడం నేర్చుకోవడానికీ పోటీ లేదు. ఈ మాట కొందరు పెద్దలకు రుచించకపోవచ్చు, అయినా చెప్పక తప్పదు.

రెండోది కులధ్రువీకరణ. ఆంధ్రలో ఒక జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో వేరే పేరుతో ఉండవచ్చు, అసలు లేకపోనూ వచ్చు. తహసీల్దారు ఇచ్చే పత్రంలో ఉన్న పేరు, రాష్ట్ర జాబితాలో పేరు, కేంద్ర జాబితాలో పేరు మూడూ సరిపోతున్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇచ్ఛాపురం దాటితే ఆంధ్రేగా, అక్కడ చూసుకుందాం అనుకునేవారికి ఒక మాట. అక్కడి రాష్ట్ర ఉద్యోగాల్లో 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఎక్కువ భాగం స్థానికులకే. స్థానికత తేలేది చదివిన చోటును బట్టి, మాట్లాడే భాషను బట్టి కాదు. ఒడిశాలోనే చదివిన పిల్లలకు మిగిలేది ఓపెన్ భాగం మాత్రమే.

మూడోది మైనర్ సబ్జెక్టు. దీన్ని దరఖాస్తు రోజున స్నేహితులు ఏది పెడితే అది పెట్టేస్తారు. బి.ఇడి. చేసి టీచరవ్వాలని ఉంటే ఇక్కడ జాగ్రత్త పడాలి. కేంద్రీయ విద్యాలయాల్లో సాంఘికశాస్త్రం టీచరు పోస్టుకు చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాల్లో రెండు చదివి ఉండాలి. వాటిలో ఒకటి చరిత్రో భూగోళమో కావాలి. ఆ నాలుగింటిలో సోషియాలజీ లేదు. ఆనర్స్ సోషియాలజీ అయినా మిగతా పేపర్లు ఆ లెక్కకు సరిపోయేలా ఎంచుకుంటే దారి తెరిచి ఉండే అవకాశముంది, లేకపోతే బి.ఇడి. చేతిలో ఉన్నా ఆ పోస్టుకు పనికిరాదు. ఎన్ని ఏళ్ళు చదివి ఉండాలో ప్రకటనలో చదివి, కాలేజీలో అడిగి తేల్చుకోవాలి.

పై చదువుల విషయంలో పరిస్థితి ఈ మధ్య బాగా మారింది. కొత్త విద్యావిధానంలో మూడేళ్ళకు డిగ్రీతో బయటికి రావచ్చు, నాలుగో ఏడాది కూడా చదవవచ్చు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ ఎంచుకోవచ్చు. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉంటే ఎం.ఏ. లేకుండానే యూజీసీ నెట్ రాయవచ్చని, పీహెచ్‌డీకి వెళ్ళవచ్చని యూజీసీ 2024లో చెప్పింది. నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. మన ఇళ్ళలో చాలామందికి ఈ అంకె తెలియదు. "ఇంకా చదువేమిటి, సంపాదన ఎప్పుడు" అని అడిగే నాన్నగారికి చూపించాల్సిన అంకె ఇదే. అయితే అది అందరికీ రాదు, చాలా తక్కువమందికి వస్తుంది. పైగా సోషియాలజీ నెట్ ఇంగ్లీషులో లేదా హిందీలోనే రాయాలి. ఒడియా నోట్సు మీద మూడేళ్ళు నెట్టుకొచ్చిన విద్యార్థికి అక్కడ ఊపిరాడదు. రోజుకు నాలుగు పేజీలు ఇంగ్లీషు పుస్తకం చదివే అలవాటు మొదటి ఏడాదిలోనే చేసుకోవాలి. అర్థం కాని చోట తెలుగు అకాడమీ సమాజశాస్త్రం పుస్తకాలు పక్కన పెట్టుకుంటే విషయం తేలిగ్గా తలకెక్కుతుంది. ఆ పుస్తకాలు మన పిల్లలకు అదనంగా దొరికిన మెట్టు.

ఎం.ఏ. కోసం భంజవిహార్‌లోని బరంపురం విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. ఇంట్లో ఉండి చదవవచ్చు, ఖర్చు తక్కువ. బయటికి పంపగలిగితే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఢిల్లీలో జేఎన్‌యూ, ముంబైలో 1936 నుంచి నడుస్తున్న టాటా సామాజిక శాస్త్రాల సంస్థ మంచివి. ఈ మూడింటికీ మొదటి మెట్టు సీయూఈటీ పీజీ పరీక్షే. జనాభా లెక్కల మీద మనసు పోతే ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ ఉంది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను నడిపించేది వాళ్ళే. కొరాపుట్‌లో 2009లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం మనకు దగ్గర. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నో ఎం.ఏ. సోషియాలజీ ఉంది. బరంపురంలోనే ఉన్న లింగరాజ్ లా కాలేజీలో మూడేళ్ళ ఎల్ఎల్‌బీ గురించి కూడా ఆలోచించవచ్చు. కుటుంబ తగాదాలు, భూమి తగాదాలు కోర్టుకెక్కే ఊళ్ళో సోషియాలజీ చదివిన వకీలుకు ఆ చదువు వృథా పోదు.

సివిల్స్ గురించి రెండు మాటలు చాలు. యూపీఎస్సీ మెయిన్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌గా 500 మార్కులకు ఉంది, జనరల్ స్టడీస్‌లో భారతీయ సమాజం అనే భాగం కూడా ఉంది. మెయిన్స్ జవాబులు తెలుగులో రాయవచ్చు. అంతమాత్రాన సోషియాలజీ తీసుకుంటే కలెక్టరు అవుతారని చెప్పే కోచింగ్ బోర్డులను నమ్మి అప్పు చేయకండి.

నాకు అందరికంటే ఎక్కువ చెప్పాలనిపించేది అభివృద్ధి రంగం గురించి. బరంపురం పక్కనే మోహుదాలో గ్రామ్ వికాస్ ప్రధాన కార్యాలయం ఉంది. 1971 తుఫాను తరువాత సహాయానికి మద్రాసు నుంచి వచ్చిన విద్యార్థుల బృందంలో కొందరు ఇక్కడే నిలిచిపోయి, 1979లో ఈ సంస్థను నమోదు చేశారు. ఊరికి కుళాయి నీరు, ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాల గది కట్టించే పనిలో వాళ్ళ షరతు ఒకటే. ఊళ్ళో ప్రతి కుటుంబమూ చేరాలి, ఒక్క ఇల్లు మిగిలినా పని మొదలుకాదు. పైపులు వేయడం ఇంజనీరు పని. పై వీధివారు, దళితవాడవారు ఒకే ట్యాంకు నీళ్ళు తాగడానికి ఒప్పుకునేలా చేయడం వేరే పని. నెలల తరబడి అరుగుల మీద కూర్చుని, ఎవరి మాట ఎవరు వింటారో గమనించి, ఆడవాళ్ళు సభలో ఎందుకు నోరు విప్పడం లేదో తెలుసుకుని చేయాల్సిన పని అది. సోషియాలజీ చదివినవాళ్ళు చేసే ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది దీన్నే.

ఇలాంటి పని ఇప్పుడు చాలా చోట్ల ఉంది. ఒడిశా లైవ్‌లీహుడ్స్ మిషన్‌లో మహిళా సంఘాలతో చేసే ఉద్యోగాలు వస్తుంటాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి, ఆ విభాగాల్లో మనుషులు కావాలి. 2014 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం కింద భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలి. 1990లలో గోపాలపురం ఉక్కు కర్మాగారం కోసం భూములు పోగొట్టుకున్న ఊళ్ళను చూసినవారికి ఆ అధ్యయనం విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. తుఫాను తరువాత నష్టం అంచనా, ఆరోగ్య సర్వేలు, వలస కుటుంబాల సర్వేలు కూడా ఉంటాయి. 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుఫానులు మన పొరుగున చేసిన గాయాలు మనకు తెలుసు. ఇచ్ఛాపురం నుంచి ఛత్రపురం దాకా తీరంలో ఇల్లిల్లూ తిరగాలంటే తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళు సర్వే సంస్థలకు సులభంగా దొరకరు.

ఇవి చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు. ఆరు నెలలు పని ఉండి, మూడు నెలలు ఖాళీగా ఉండే రోజులుంటాయి. మొదటి జీతం చూసి ఇంట్లో పెదవి విరుస్తారు. ఆడపిల్లను ఊళ్ళు తిప్పే పనికి పంపడానికి తల్లిదండ్రులు వెనకాడతారు. ఆ భయాన్ని తీసిపారేయలేం. బృందంలో ఇంకా ఆడవాళ్ళున్నారా, రాత్రి బస ఎక్కడ, ప్రయాణం ఎవరిది అని సంస్థను నేరుగా అడగవచ్చు. మంచి సంస్థ జవాబు చెబుతుంది, చెప్పని సంస్థకు పంపక్కర్లేదు. రెండు మూడేళ్ళ అనుభవం తరువాత జీతమూ పదవీ రెండూ మారతాయి. అప్పటికి ఎక్సెల్‌లో పట్టిక వేయడం, కొద్దిపాటి గణాంకశాస్త్రం, మూడు పేజీల నివేదిక తప్పుల్లేకుండా రాయడం వచ్చినవాళ్ళే పైకి వెళతారు. కాలేజీలో రీసెర్చ్ మెథడ్స్ పేపరును గైడుతో బట్టీపట్టి పాసైనవాళ్ళు అక్కడే చిక్కుకుంటారు.

అందుకే చివరి ఏడాది ప్రాజెక్టును తేలిగ్గా తీసుకోవద్దని చెప్పాలి. జిరాక్సు షాపులో పాత ప్రాజెక్టు కొని పేరు మార్చి ఇచ్చే అలవాటు ఉన్న సంగతి అందరికీ తెలుసు. సీయూఈటీ తరువాత కొన్ని చోట్ల ఇంటర్వ్యూ ఉంటుంది, సంస్థల ఉద్యోగాలకు ఎలాగూ ఉంటుంది. అక్కడ "నువ్వు స్వయంగా ఏమి చూశావు?" అని అడుగుతారు. ముప్పై నేత కుటుంబాలతో మాట్లాడి, ఎన్ని మగ్గాలు ఆగాయో, ఆ ఇళ్ళ పిల్లలు ఏ పనికి వెళ్ళారో లెక్క రాసుకున్న విద్యార్థికి జవాబు చేతిలో ఉంటుంది. ఆ ముప్పై ఇళ్ళ తలుపులు తట్టించే పరిచయాలు మన సంఘాల పెద్దల దగ్గర ఉన్నాయి.

2027 మార్చి 1 తేదీతో జరిగే జనగణనలో ఈసారి కులం కూడా నమోదు చేస్తారు. అన్ని కులాలనూ లెక్కించడం 1931 తరువాత ఇదే మొదలు. ఇళ్ళకు వచ్చేది సాధారణంగా ప్రభుత్వ టీచర్లే కాబట్టి అది మన విద్యార్థులకు నేరుగా ఉద్యోగం కాదు. లెక్కలు బయటికి వచ్చాక మాతృభాష, కులం, వలస పట్టికలను జిల్లా జిల్లాగా చదివి వివరించే పని ఏళ్ళ తరబడి ఉంటుంది. ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడాదిలో చేరుతున్న పిల్లలు ఎం.ఏ.కు వచ్చేసరికి గంజాం పట్టికలు వాళ్ళ ముందుంటాయి.